విభూది బుధవారం బూడిద అందరికీ అందాలి: గురువులకు, విచారణ పెద్దలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన విచారణ గురువులకు, విచారణ సంఘాల పెద్దలకు, గుడిలో ఆరాధన ఏర్పాట్లు చూసే అన్నలకు, అక్కలకు,

నమస్కారం. ఏడాది పొడవునా మీరు పడే శ్రమ మాకు తెలుసు. అందుకే సుత్తి లేకుండా నేరుగా విషయానికి వస్తాను. ఈ లేఖ చదివే మిగతావాళ్ళ కోసం ఒక్క మాట: విచారణ అంటే ఒక గుడి పరిధిలోని కతోలిక విశ్వాసుల సంఘం. విభూది బుధవారం అంటే ఈస్టరుకు ముందు వచ్చే తపస్సు కాలానికి (లెంట్‌కి) మొదటి రోజు, ఆ రోజు గుడిలో నుదుటి మీద బూడిదతో సిలువ గుర్తు వేస్తారు.

ఈ ఏడాది, అంటే 2026లో, ఫిబ్రవరి 18న, విభూది బుధవారం రాత్రి, మా అమ్మ నన్ను ఒక మాట అడిగింది. "ఈసారి కూడా నాకు బూడిద రాలేదా?" అమ్మకి ఎనభై దాటాయి. తుంటి ఎముక విరిగి రెండేళ్ళుగా మంచం మీదే ఉంది. అంతకుముందు ఆ బుధవారం గుడికి వెళ్ళని ఏడాది తన జీవితంలో లేదు. నా నుదుటి మీద పొద్దున వేసిన సిలువ గుర్తు అప్పటికి సగం చెరిగిపోయింది. ఏం చెప్పాలో తోచక, వంగి నా నుదురు తన నుదుటికి ఆనించాను. కొంచెం మసి అంటింది. అమ్మ వణికే వేలితో దాన్నే తడుముకుని సిలువ గీసుకుంది. బూడిద వేసేటప్పుడు గురువు అనే "నీవు మన్నే గనుక తిరిగి మన్నైపోదువు" అన్న వాక్యాన్ని తనే చెప్పుకుంది. తనే ఆమెన్ అంది.

ఈ సంగతి నేను అడగడం ఇది మొదటిసారి కాదు. 2025లో విభూది బుధవారం మార్చి 5న వచ్చింది. అది అయిన వారానికే మా విచారణలో ఒక ఉత్తరం ఇచ్చాను. "చూద్దాం" అన్నారు. ఈ జనవరిలో మళ్ళీ రాశాను. ఈసారి నాతోపాటు నలభై మందికి పైగా సంతకాలు పెట్టారు. వాళ్ళలో రోజు కూలికి వెళ్ళేవాళ్ళున్నారు, ఆసుపత్రి నర్సులున్నారు, మా అమ్మలాంటి వాళ్ళని ఇంట్లో చూసుకుంటున్నవాళ్ళున్నారు. ఆ కాగితం ఎవరి బల్ల మీద ఆగిపోయిందో తెలియదు. జవాబు రాలేదు, ఏర్పాటూ మారలేదు. అందుకే అందరి ముందు రాస్తున్నాను. మా గుడి పేరు, మా గురువుల పేరు ఎక్కడా చెప్పను. ఎవరినీ బజారుకి ఈడ్చాలని లేదు. పైగా వేరే విచారణల్లో ఉన్న చుట్టాలతో, స్నేహితులతో మాట్లాడితే ఇవే మాటలు వినిపించాయి. కాబట్టి ఇది ఒక్క గుడికి రాసే ఉత్తరం కాదు.

ముందు ఒక విషయం గుర్తు చేయనివ్వండి. మీకు తెలియదని కాదు, నా అభ్యర్థన అంతా దాని మీదే నిలబడి ఉంది కాబట్టి.

తొలి రోజుల్లో తపస్సు కాలం మొదట్లో బూడిద అందరికీ వేసేవారు కాదు. పెద్ద పాపాలు చేసి, అందరికీ తెలిసేలా ప్రాయశ్చిత్తానికి నిలబడినవాళ్ళకే వేసేవారు. గోనెబట్ట, బూడిద వాళ్ళ గుర్తులు. వాళ్ళని కొన్నాళ్ళు సంఘం నుంచి విడిగా ఉంచి, ఈస్టరుకు ముందు వచ్చే పవిత్ర గురువారం నాడు మళ్ళీ లోపలికి తీసుకునేవారు. కాలం గడిచేకొద్దీ మిగతావాళ్ళు కూడా వాళ్ళ పక్కన నిలబడి, మేమూ పాపులమేనని తల వంచడం మొదలుపెట్టారు. 1091లో రెండవ ఉర్బన్ పోపుగారి కాలంలో ఇటలీలోని బెనెవెంతోలో జరిగిన సభ దీన్ని అందరికీ నియమం చేసింది. గురువులు, సామాన్యులు, మగవాళ్ళు, ఆడవాళ్ళు అందరూ ఆ రోజు బూడిద తీసుకోవాలని చెప్పింది. నేటికీ రోములో అవెంతీన్ కొండ మీదున్న సాంతా సబీనా దేవాలయంలో పోపుగారు కూడా మరొకరి ముందు తల వంచి బూడిద వేయించుకుంటారు.

కొందరి నుంచి అందరి దగ్గరికి వచ్చిన ఆచారం ఇది. మన విచారణల్లో అది మెల్లగా మళ్ళీ కొందరికే పరిమితమవుతోంది. ఇప్పుడు ఆ కొందరు ఎవరంటే, పనిరోజు పొద్దున తొమ్మిదింటికి తీరిక ఉన్నవాళ్ళు, కాళ్ళు ఆడుతున్నవాళ్ళు, ఎవరూ వేలెత్తి చూపని కాపురం ఉన్నవాళ్ళు. నా బాధంతా ఇదే. వివరంగా చెబుతాను.

1. వేళ

చాలా చోట్ల విభూది బుధవారం ఒకే పూజ, అదీ పొద్దున తొమ్మిదికో తొమ్మిదిన్నరకో ఉంటోంది. ఆ రోజు విధిగా పూజలో పాల్గొనాల్సిన పండుగల జాబితాలో లేదు. అందువల్ల సెలవు అడగడానికి కూడా మా చేతిలో ఆధారం ఉండదు. అయినా ఏడాదిలో మామూలుగా గుడి గడప తొక్కనివాళ్ళు కూడా ఆ రోజు వస్తారు. ఎందుకు వస్తారో మీరూ చూసే ఉంటారు. ఆ రోజు గుడిలో ఎవరి గొప్పా అడగరు. వచ్చి తల వంచితే చాలు.

ఈ ఏడాది నేను కళ్ళారా చూసింది చెబుతాను. పూజ అయిపోయి జనం వెళ్ళిపోతున్నారు. పది దాటి ఇరవై నిమిషాలైంది. ఇళ్ళలో పని చేసే ఒకావిడ పరిగెత్తుకుంటూ వచ్చింది. చీర కుచ్చిళ్ళు ఇంకా తడిగా ఉన్నాయి, చేతులు సబ్బు నీళ్ళకి నాని ముడతలు పడి ఉన్నాయి. మూడు ఇళ్ళ పని రెండింటికి కుదించుకుని, మూడో ఇంటావిడ చేత మాట పడి వచ్చానంది. అప్పటికే బూడిద పళ్ళెం కడిగేశారు. "ఆలస్యం చేశావమ్మా, అయిపోయింది" అన్నారు. కోపంగా అనలేదు, మామూలుగానే అన్నారు. ఆవిడ కాసేపు పీఠం వైపు చూస్తూ నిలబడి, గుమ్మం దగ్గరున్న తీర్థజలంలో వేలు ముంచి నుదుటికి రాసుకుని వెళ్ళిపోయింది. మూడో ఇంట్లో మాట పడిందే మిగిలింది.

రాత్రి డ్యూటీ దిగిన నర్సు తొమ్మిదింటి దాకా స్తంభానికి ఆనుకుని కునికిపాట్లు పడుతుంది. కూలికి వెళ్ళేవాడు ఆ పూట గుడికి వస్తే సగం రోజు కూలి పోతుంది. ఒక్కోసారి మర్నాడు పనికి పిలవరు కూడా. పరీక్షలున్న పిల్లలు రానే రాలేరు. బండి నడిపేవాళ్ళు, బడిలో పాఠం చెప్పేవాళ్ళు, కొట్లో నిలబడేవాళ్ళు, ఇలా చెప్పుకుంటూ పోతే విచారణలో సగం మంది తేలతారు.

ఇది రోజుకి నాలుగు పూజలు చేయమని అడగడం కాదు. బూడిద ఇవ్వడం పూజలోనే జరగాలనే నియమం లేదు. వాక్య ఆరాధన చేసి, ప్రసంగం తర్వాత బూడిద ఇచ్చి, విశ్వాసుల ప్రార్థనతో ముగించవచ్చని పూజా గ్రంథమే చెబుతోంది. అరగంట చాలు. గురువు గానీ డీకన్ (గురువుకి సహాయంగా అభిషేకం పొందిన సేవకుడు) గానీ బూడిదని ఆశీర్వదించాలి. దాన్ని పంచడంలో సహాయానికి విశ్వాసులనూ పెట్టుకోవచ్చు. పనికి వెళ్ళే ముందు ఒక వేళ, పని నుంచి వచ్చాక ఒక వేళ, ఇంతే మేము అడిగేది.

2. మంచం పట్టినవాళ్ళు

శ్రీసభ (కతోలిక సంఘం) చట్టం ప్రకారం ఆ రోజు ఉపవాసం పద్దెనిమిదేళ్ళు నిండినప్పటి నుంచి అరవయ్యో ఏట అడుగుపెట్టేవరకు. మాంసం మానడం పద్నాలుగేళ్ళు నిండినవాళ్ళ నుంచి. జబ్బున్నవాళ్ళకి ఉపవాసం అక్కర్లేదు. అంటే మా అమ్మకి ఉపవాసం నుంచి మినహాయింపు ఉంది. బూడిద నుంచి మినహాయింపు ఎవరిచ్చారు? మట్టిలో కలిసే మాట అందరికంటే దగ్గరగా వింటున్నది తనలాంటివాళ్ళే కదా.

నెలలో మొదటి శుక్రవారం నాడు సత్ప్రసాదం (పూజలో ఆశీర్వదించి ఇచ్చే అప్పం) ఇళ్ళకి తెస్తున్నారు. అందుకు మా కుటుంబం మీకెంతో రుణపడి ఉంది. అదే దారిలో, అదే మనుషులతో, ఆ బుధవారం ఒక చిన్న డబ్బాలో బూడిద రావచ్చు. ఈ ఏడాది నేను పూజ అయ్యాక ఒక మడత కాగితంలో చిటికెడు ఇవ్వమని అడిగాను. "ఇంటికి ఇవ్వం, జనం దాన్ని ఏం చేస్తారో తెలియదు" అన్నారు. ఆ భయం నాకు అర్థమవుతుంది. బూడిదని తాయెత్తులా వాడేవాళ్ళు ఉంటే ఉండొచ్చు. అలాంటప్పుడు కాగితంలో ఇవ్వకండి, మనిషిని పంపండి. విశ్వాస పాఠాలు చెప్పే ఉపదేశిని పంపండి, సిస్టర్స్‌ని పంపండి, విచారణలో నమ్మకమైన యువకుణ్ణి పంపండి. వాళ్ళు మంచం పక్కన నిలబడి ఆ ఒక్క వాక్యం చెప్పి, నుదుటి మీద సిలువ గుర్తు వేసి వెళ్ళనివ్వండి.

కరోనా రోజులు గుర్తు చేసుకుందాం. 2021 జనవరిలో రోములోని ఆరాధన వ్యవహారాల కార్యాలయం ఒక సూచన ఇచ్చింది. గురువు ఆ వాక్యాన్ని అందరికీ కలిపి ఒకేసారి చెప్పాలి, చేతులు శుభ్రం చేసుకుని మాస్క్ పెట్టుకోవాలి, ఒక్కొక్కరి తల మీద ఏమీ మాట్లాడకుండా పైనుంచి బూడిద చల్లాలి. లోకమంతా తలుపులు వేసుకున్న ఏడాది కూడా బూడిద ఆపుదామని అనుకోలేదు, ఎలా ఇద్దామని ఆలోచించారు. ఒక ముసలమ్మ నాలుగు వీధుల అవతల ఉంటే మనం ఆలోచించలేమా?

3. వరసలోంచి వెనక్కి పంపడం

ఇది రాయడానికి నాకు కష్టంగా ఉంది. కానీ రాయకపోతే మిగతాదంతా రాసి ప్రయోజనం లేదు.

నాకు తెలిసిన ఒకమ్మాయి పెళ్ళి గుడిలో జరగలేదు. అందువల్ల సత్ప్రసాదం తీసుకోకూడదని తనకి తెలుసు. ఏళ్ళ తరబడి వెనక బల్ల మీద కూర్చుని, అందరూ లేచి వెళుతుంటే తల దించుకుంటుంది. కానీ విభూది బుధవారం తనకి ఇష్టమైన రోజు. ఆ రోజు తను కూడా అందరితో పాటు లేచి వరసలో నిలబడేది. రెండేళ్ళ కిందట ఒక పెద్దాయన, గురువు కాదు, వరసలు సరిచేసే మనిషి, తన దగ్గరికి వచ్చి "నువ్వెక్కడికమ్మా, నువ్వు కూర్చో" అన్నాడు. వెనక, ముందు ఉన్నవాళ్ళు విన్నారు. తను కూర్చుంది. ఆ తర్వాత ఆ బుధవారం గుడికి రాలేదు. ఇప్పుడు ఆదివారాలు కూడా రావడం లేదు. పిల్లల్ని పంపడమూ మానేసింది.

అయ్యా, బూడిద జ్ఞానస్నానం, సత్ప్రసాదం లాంటి దివ్యసంస్కారం కాదు. ఆశీర్వాదాల కోవలోది. 1983 శ్రీసభ చట్టంలో 1170వ సూత్రం ప్రకారం ఆశీర్వాదాలు ముందుగా కతోలికులకి. జ్ఞానస్నానానికి సిద్ధపడుతున్నవాళ్ళకీ ఇవ్వవచ్చు. శ్రీసభ ప్రత్యేకంగా వద్దంటే తప్ప కతోలికులు కానివాళ్ళకి కూడా ఇవ్వవచ్చు. కతోలికులు కానివాళ్ళకే ఇవ్వగలిగినదాన్ని మన బిడ్డకి లేదంటామా? ఆ రోజు వరసలో నిలబడ్డ ప్రతి ఒక్కరూ నేను పాపిని అని ఒప్పుకుంటూనే నిలబడతారు. నువ్వు పాపివి కాబట్టి వరసలోంచి తప్పుకో అంటే దానికి అర్థమేముంది? ప్రాయశ్చిత్తంలో ఉన్నవాళ్ళు ఒంటరిగా సిగ్గుపడకూడదని వాళ్ళ పక్కకి వచ్చి నిలబడ్డవాళ్ళ నుంచి మనకి వచ్చిన ఆచారం ఇది. ఆ అమ్మాయిని కూర్చోబెట్టినప్పుడు మనం ఆ ఆచారాన్నే కూర్చోబెట్టాం.

చిన్నపిల్లల్ని, గుడి చూడ్డానికి వచ్చిన పక్కింటివాళ్ళని వెనక్కి పంపిన సందర్భాలూ విన్నాను. అదీ వద్దు.

4. బూడిద తయారీ

చిన్నప్పుడు మా గుడిలో ఈ పని చూసుకునే తాతగారితో పాటు నేనూ కూర్చునేదాన్ని. ముందటి ఏడాది మ్రానికొమ్మల ఆదివారం (ఈస్టరుకు ముందు ఆదివారం) నాడు ఆశీర్వదించిన మట్టల్ని ఇళ్ళ నుంచి తెప్పించేవారు. సిలువల్లా అల్లినవి, పటాల వెనక దోపినవి, దుమ్ము పట్టి గలగలలాడేవి. ఇనప మూకుడులో ఆరుబయట కాల్చేవారు. నల్లగా ఉన్నప్పుడే ఆపేస్తే అది బొగ్గు, బూడిద కాదు అనేవారు తాతగారు. తెల్లగా, బూడిద రంగుకి తిరిగేదాకా వదిలేసి, చల్లారాక పలచటి బట్టలో వేసి జల్లించేవారు. బట్ట కింద పళ్ళెంలో పడే పొడి పిండికంటే మెత్తగా ఉండేది. సంచెడు మట్టలకి గుప్పెడు కూడా వచ్చేది కాదు. ఆ గుప్పెడే అంతమందికీ సరిపోయేది.

ఇప్పుడు చాలా చోట్ల మట్టలు తిరిగి తెమ్మని చెప్పడమే మానేశారు. జనానికి ఏం చేయాలో తెలియక చెత్తలో వేస్తున్నారు. ఆశీర్వదించిన వస్తువుని చెత్తకుండీలో చూస్తే పెద్దవాళ్ళ ప్రాణం ఉసూరుమంటోంది. పోగైన కొన్నింటిని కూడా వాటికి చుట్టిన ప్లాస్టిక్ రిబ్బన్లు, పూలు తీయకుండానే కాలుస్తున్నారు. ఆ కరిగిన ప్లాస్టిక్ కూడా మన నుదుటి మీదికే వస్తుంది.

ఇంతకంటే ముఖ్యమైనది ఒకటుంది. బూడిద రాలిపోకుండా అంటుకోవాలని కొందరు నీళ్ళు పోసి ముద్దలా కలుపుతున్నారు. చెట్టు బూడిదలో క్షార గుణం ఉంటుంది. పూర్వం బూడిద నీళ్ళతోనే బట్టలు ఉతికేవారు, సబ్బు చేసేవారు. అలాంటి ముద్ద గంటల తరబడి నుదుటి మీద ఉంటే చర్మం మండుతుంది, బొబ్బలెక్కుతుంది. రెండేళ్ళ కిందట మా వరసలో నా ముందున్న ఆరేళ్ళ పాపకి సాయంత్రానికి నుదుటి మీద సిలువ ఆకారంలో ఎర్రగా కమిలిపోయింది. తగ్గడానికి వారం పట్టింది. వాళ్ళమ్మ టెన్షన్‌తో ఎవరినీ అడగలేక ఊరుకుంది. దేవుడి పేరు చెప్పి వేసినదాన్ని తప్పు అనడానికి మనసు రాలేదట. ఆశీర్వదించేటప్పుడు చల్లే నాలుగు చుక్కల తీర్థజలం వేరు, నీళ్ళు పోసి ముద్ద చేయడం వేరు. పొడిగానే వాడండి. మరీ అంటుకోవాలంటే వేలికి ఒక చుక్క నూనె చాలు.

5. అర్థం చెప్పడం

వరస పొడుగ్గా ఉందని కొందరు ఆ వాక్యాన్ని గొణుగుతున్నారు, కొందరు అసలు చెప్పడమే లేదు. రెండు వాక్యాల్లో ఏదో ఒకటి చెప్పవచ్చు. మన్నే గనుక తిరిగి మన్నైపోదువు అన్నది ఆదికాండం 3వ అధ్యాయం నుంచి. మారుమనస్సు పొంది సువార్త నమ్మమన్నది మార్కు సువార్త 1వ అధ్యాయం నుంచి. రెండూ చిన్నవే. ఒక మనిషి కళ్ళలోకి చూసి, నువ్వు శాశ్వతం కాదు అని ప్రేమగా చెప్పే సందర్భం ఏడాదికి ఒక్కసారే వస్తుంది. దాన్ని మింగేయకండి.

పిల్లలకి ఏమీ తెలియడం లేదు. ఇది బైబిల్లో ఎక్కడుంది అని వేరే సంఘాల స్నేహితులు అడిగితే బిక్కమొహం వేస్తున్నారు. నీనెవె రాజు సింహాసనం దిగి బూడిదలో కూర్చోవడం యోనా గ్రంథంలో ఉంది. యోబు ధూళిలో, బూడిదలో పశ్చాత్తాపపడ్డాడు. దానియేలు గోనెపట్ట కట్టుకుని, బూడిద మీద వేసుకుని ప్రార్థించాడు. "మీ వస్త్రములను కాక మీ హృదయములను చింపుకొని" అన్న యోవేలు ప్రవక్త మాట ఆ రోజు మొదటి పఠనంలోనే వస్తుంది. 1548లో ఇంగ్లండులో ఈ ఆచారాన్ని ఆపేశారు. ఇప్పుడు ఆంగ్లికన్, లూథరన్, మెథడిస్టు సంఘాల్లో కూడా చాలా మంది మళ్ళీ బూడిద తీసుకుంటున్నారు. తూర్పు దేశాల బైజాంటైన్ సంప్రదాయం వాళ్ళు సోమవారమే ఉపవాసం మొదలుపెడతారు, బూడిద వాడరు. వాళ్ళ తపస్సు మనదానికంటే తక్కువేమీ కాదు. ఇవన్నీ ముందటి ఆదివారం పది నిమిషాలు చెబితే పిల్లలు అడిగినవాళ్ళకి తలెత్తుకుని జవాబు చెబుతారు, ఎవరినీ తక్కువ చేయకుండా.

ఇంకో సందేహం ప్రతి ఏడాదీ వస్తుంది. ఆ రోజు గుడిలో చదివే సువిశేషం (సువార్త) మత్తయి 6వ అధ్యాయం. ఉపవాసం ఉన్నప్పుడు మొహం కడుక్కో, మనుషులకి కనిపించాలని చేయకు అంటారు ప్రభువు. మరి నుదుటి మీద గుర్తుతో తిరగవచ్చా? సాయంత్రం దాకా ఉంచుకోవాలన్న నియమం లేదు, వెంటనే తుడిచేయాలన్న నియమమూ లేదు. ఎవరి మనస్సాక్షి వాళ్ళది. ఇంత చిన్న మాట కూడా పీఠం మీద నుంచి ఎవరూ చెప్పకపోవడంతో, కడుక్కున్నవాళ్ళు పాపం చేశామేమోనని బెంగ పడుతున్నారు.

6. ఉద్యోగాలిచ్చేవాళ్ళకి, బడులు నడిపేవాళ్ళకి ఒక మాట

ఆ ఒక్క రోజు ఒక ఉద్యోగి నుదుటి మీద, ఒక విద్యార్థి నుదుటి మీద బూడిద గుర్తు కనిపిస్తే మురికి అనుకుని తుడుచుకోమనకండి. అడిగితే చెబుతారు. గురువులకి కూడా ఇక్కడ ఒక మనవి. ఇటలీ, స్పెయిన్, పోలెండ్ లాంటి చోట్ల నుదుటి మీద గుర్తు వేయకుండా నడినెత్తిన పొడి చల్లడం కూడా ఉంది. పనిచోట ఇబ్బంది పడేవాళ్ళు అలా కోరితే కాదనకండి.

మా అభ్యర్థనలు

ఈ కింది పనులు చేయమని గురువులని, విచారణ పెద్దలని కోరుతున్నాం. వీటి మీద పీఠాధిపతులు (బిషప్పులు) ఒక సూచన పంపితే, ఒక్కో విచారణకీ తిరిగి అడగాల్సిన అవసరం మాకు ఉండదు.

1. విభూది బుధవారం కనీసం రెండు వేళల్లో బూడిద ఇవ్వాలి: పనికి వెళ్ళే ముందు ఒకటి, తిరిగి వచ్చాక ఒకటి. రెండోసారి పూజ కుదరకపోతే వాక్య ఆరాధనతో ఇవ్వాలి. ఆ వేళలు రెండు ఆదివారాలు ముందే చెప్పాలి.

2. ఆఖరున వచ్చేవాళ్ళ కోసం కాస్త బూడిద విడిగా ఉంచాలి. రాత్రి గుడి తలుపు వేసేదాకా పళ్ళెం కడగవద్దు.

3. మంచం పట్టినవాళ్ళ పేర్లు విచారణలో రాయించుకుని, అదే రోజున లేదా ఆ వారంలోగా మనిషిని ఇంటికి పంపాలి.

4. బూడిద కోసం వచ్చిన ఎవరినీ వెనక్కి పంపకూడదని వరసలు చూసేవాళ్ళకి ముందే చెప్పాలి. లోగడ అలా పంపినవాళ్ళ ఇంటికి గురువు స్వయంగా వెళ్ళి ఒక్కసారి పలకరించాలి. ఇది మిగతావాటికంటే ముందు జరగాలని నా కోరిక.

5. మట్టలు తిరిగి తెమ్మని తపస్సు కాలానికి ముందు ఆదివారాల్లో చెప్పాలి. రిబ్బన్లు తీసి, పూర్తిగా కాల్చి, జల్లించి, నీళ్ళు కలపకుండా వాడాలి. ఈ పనికి మనుషులు కావాలంటే నేనున్నాను, సంతకాలు పెట్టినవాళ్ళున్నారు. తాతగారి మూకుడు మా ఇంట్లోనే ఉంది.

6. ఆ వాక్యాన్ని ప్రతి ఒక్కరికీ వినిపించేలా చెప్పాలి.

2027లో విభూది బుధవారం ఫిబ్రవరి 10న వస్తుంది. దానికి కావాల్సిన మట్టలు ఈ మార్చి 29న, మ్రానికొమ్మల ఆదివారం నాడు మా చేతుల్లోకి వస్తాయి. ఆ రోజు ప్రకటనల్లోనే మీ జవాబు వినాలని కోరుకుంటున్నాం. కుదరదంటే ఎందుకు కుదరదో చెప్పండి, వింటాం. "చూద్దాం" అని మాత్రం అనకండి. మా అమ్మ వయసులో ఉన్నవాళ్ళకి ఇంకో ఏడాది ఉంటుందో లేదో ఎవరు చెప్పగలరు?

ఇట్లు,
మీ విచారణ బిడ్డ,
సంతకాలు పెట్టిన తోటి విశ్వాసుల తరఫున